సూర్యుడి నుంచి ఓరియన్ నెబ్యులా దాకా కట్ లేకుండా: ఒక స్పేస్ గేమ్ కేస్ స్టడీ

మా గేమ్‌లో ప్లేయర్ సూర్యుడి దగ్గర బయలుదేరి ఓరియన్ నెబ్యులా (నక్షత్రాల మధ్య వెలిగే గ్యాస్, ధూళి మేఘం) లోపలికి వెళ్లాలి. మధ్యలో లోడింగ్ స్క్రీన్ ఉండకూడదు, తెర నల్లబడకూడదు. కాక్‌పిట్ అద్దంలో మొదట చిన్న మచ్చలా కనిపించిందే చివరికి ఓడని చుట్టుముట్టాలి. డిజైన్ డాక్యుమెంట్‌లో ఇదంతా ఒక్క వాక్యం. గ్రాఫిక్స్ వైపు కూర్చున్న మాకు మాత్రం ప్రాజెక్టులో సగం పని ఇదే అయింది.

హైదరాబాద్‌లో మాది చిన్న స్టూడియో. గేమ్ నడవాల్సింది మామూలు గేమింగ్ ల్యాప్‌టాప్ మీద, 1920×1080 రిజల్యూషన్‌తో, సెకనుకి 60 ఫ్రేములు. అంటే ఒక్కో ఫ్రేముకి దొరికేది 16.6 మిల్లీసెకన్లు. ఓడలు, గ్రహాలు, కాక్‌పిట్, మెనూలు అన్నీ పోగా నెబ్యులా వాటాకి మిగిలింది 3. ఆ మూడింటితో ఏం చేశామో, ఎందుకలా చేశామో ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలో నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. నెబ్యులాని ఎప్పుడు ఫ్లాట్ బొమ్మగా గీయొచ్చు, ఎప్పుడు లోతున్న వస్తువుగా గీయాలి అన్నది దూరం ఒక్కటే తేల్చదు. ఓడ వేగం తేలుస్తుంది. ఇది పట్టుబడ్డాక మిగతా నిర్ణయాలన్నీ వాటంతటవే వరసలో పడ్డాయి.

ఓరియన్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఎం42 అని పిలిచే ఈ నెబ్యులా మనకి సుమారు 1,344 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అడ్డంగా సుమారు 24 కాంతి సంవత్సరాలు ఉంటుంది. చలికాలం రాత్రి డాబా ఎక్కి చూస్తే, వరసగా ఉన్న మూడు చుక్కల కింద మసకగా కంటికే కనిపిస్తుంది. శాస్త్రవేత్తలు దీన్ని ఎంతగా కొలిచారంటే, దీని త్రీడీ ఆకారం మీద కూడా నమ్మదగిన సమాచారం దొరుకుతుంది. కల్పించుకోవాల్సిన భాగం తక్కువ.

ముందున్న దారులు

1999లో వచ్చిన హోమ్‌వరల్డ్ అనే స్పేస్ గేమ్‌ని ఇప్పటికీ మా ఆర్టిస్టులకి చూపిస్తుంటాను. అందులో ఆకాశానికి టెక్స్చర్లు, అంటే ఉపరితలం మీద అంటించే బొమ్మలు, వాడలేదు. ఆకాశాన్ని త్రిభుజాలుగా చేసి, ఒక్కో మూలకి ఒక్కో రంగు ఇచ్చి, మధ్య రంగుల్ని గ్రాఫిక్స్ కార్డునే కలుపుకోమన్నారు. మెమరీ దాదాపు పట్టదు, కంప్రెషన్ గళ్లు కనిపించవు, చూడటానికి నీటి రంగుల పెయింటింగ్‌లా ఉంటుంది. కానీ ఆ నెబ్యులా దగ్గరికి వెళ్లే పని లేదు, అది పరదా మాత్రమే.

2014లో వచ్చిన ఎలీట్ డేంజరస్‌లో పరిస్థితి వేరు. దాదాపు 40,000 కోట్ల నక్షత్ర వ్యవస్థలున్న పాలపుంత మోడల్ అది. ఏ వ్యవస్థలో దిగితే అక్కడి నుంచి కనిపించే ఆకాశాన్ని ఆ మోడల్ నుంచే తయారు చేస్తుంది. దూరంగా కనిపించే నెబ్యులా నిజంగా వెళ్లి చేరగలిగే చోటు. అయితే ఒక వ్యవస్థ నుంచి ఇంకోదానికి జంప్ చేసేటప్పుడు సొరంగం లాంటి ఎఫెక్ట్ వస్తుంది. అవతలి వ్యవస్థ సిద్ధమయ్యేది ఆ సొరంగం చాటునే. ఇక వ్లాదిమిర్ రొమాన్యుక్ తయారు చేసిన స్పేస్‌ఇంజిన్‌లో సొరంగాలేమీ లేవు, ఎక్కడి నుంచి ఎక్కడికైనా ఎగురుకుంటూ పోవచ్చు. మాకు కావలసింది ఎలీట్ లాంటి ఆట, స్పేస్‌ఇంజిన్ లాంటి ప్రయాణం.

పదిహేడు పిక్సెళ్లు

మొదట అసలు సైజు ఎంతో లెక్క వేశాం. 90 డిగ్రీల వ్యూతో ఫుల్ హెచ్‌డీ తెర మధ్యలో ఒక రేడియన్ కోణం 960 పిక్సెళ్లకి సమానం. 24ని 1,344తో భాగించి 960తో గుణిస్తే 17 వస్తుంది. సూర్యుడి దగ్గర నుంచి ఓరియన్ నెబ్యులా తెర మీద 17 పిక్సెళ్లు. అదే లెక్కన నిండు చందమామ 9 పిక్సెళ్లు కూడా రాదు.

స్పేస్ గేముల్లో ఆకాశం సగం ఆక్రమించే నెబ్యులాల్ని చూసి అలవాటైన డిజైనర్లు ఈ 17 పిక్సెళ్లు చూసి నీరసపడ్డారు. పెద్దది చేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. మొదట్లోనే పెద్దగా ఉంటే ప్రయాణంలో పెరగడానికి ఏముంటుంది? 17 పిక్సెళ్ల మచ్చ రెట్టింపై, మళ్లీ రెట్టింపై తెరంతా నిండటమే ఈ ప్రయాణంలో ప్లేయర్‌కి దక్కే అనుభవం. చివరికి దారి చూపించడానికి కాక్‌పిట్ హెచ్‌యూడీ (అద్దం మీద సమాచారం చూపించే పొర) మీద ఒక గుర్తు పెట్టి, సైజుని ఉన్నదున్నట్టే ఉంచాం.

ఆకారం: పొగ కాదు, పొర

గేముల్లో మేఘాలు గీసే పద్ధతి ఇప్పుడు అందరికీ తెలిసిందే. కెన్ పెర్లిన్ 1980ల్లో ఇచ్చిన నాయిస్‌కి (లెక్కతో పుట్టించే గజిబిజి నమూనా), స్టీవెన్ వొర్లీ 1996లో ఇచ్చిన కణాల్లాంటి నాయిస్‌ని కలిపి త్రీడీ టెక్స్చర్ చేస్తారు. కెమెరా నుంచి ప్రతి పిక్సెల్ గుండా ఒక కిరణం పంపి, అడుగడుగునా సాంద్రత కొలుస్తూ వెలుగుని కూడుకుంటూ పోతారు. దీన్నే రే మార్చింగ్ అంటాం. హొరైజన్ జీరో డాన్ గేమ్‌లోని మేఘాల మీద గెరిల్లా గేమ్స్ వాళ్లు 2015లో సిగ్‌గ్రాఫ్ అనే గ్రాఫిక్స్ సదస్సులో వివరంగా చెప్పాక చాలా మంది అదే దారి పట్టారు. మేమూ అక్కడే మొదలుపెట్టాం. ఎరుపు రంగు వేసి చూస్తే మా టీమ్‌లో ఉన్న కుర్ర ఆర్టిస్ట్ వెంటనే పట్టేశాడు: "అన్నా, ఇది నెబ్యులా కాదు. సాయంత్రం పూట మబ్బు."

అతను చెప్పింది నిజం. మేఘం వెలిగేది బయటి ఎండ దాని మీద పడి చెదరడం వల్ల. ఓరియన్ నెబ్యులా తనంతట తనే వెలుగుతుంది. దాని నడిబొడ్డున ట్రపీజియం అనే చిన్న నక్షత్ర గుంపు ఉంది. అందులో థీటా-1 ఓరియనిస్ సి అనే మహా వేడి నక్షత్రం అతినీలలోహిత కిరణాలు కుమ్మరిస్తూ హైడ్రోజన్ పరమాణువుల్ని ఎలక్ట్రాన్, ప్రోటాన్‌లుగా విడగొడుతుంది. అవి మళ్లీ కలిసేటప్పుడు వచ్చేదే మనం చూసే వెలుగు. కలవాలంటే ఎలక్ట్రానూ ప్రోటానూ రెండూ ఒకే చోట దొరకాలి కాబట్టి, వెలుగు సాంద్రతకి కాదు, సాంద్రత వర్గానికి అనుపాతంలో ఉంటుంది. షేడర్‌లో (పిక్సెల్ రంగు తేల్చే చిన్న ప్రోగ్రామ్‌లో) ఇది ఒక్క గుణకారం. సాంద్రతని దానితోనే గుణించగానే పలచటి భాగాలు చీకట్లోకి వెళ్లిపోయాయి, చిక్కటి చోట్లు సన్నటి దారాల్లా తేలాయి. ఖర్చు లేకుండా దొరికిన మార్పుల్లో ఇంత పెద్దది నేను చూడలేదు.

రెండో విషయం ఆకారం. ఓరియన్ నెబ్యులా బంతిలాంటి మేఘం కాదు. వెనక ఒక పెద్ద చల్లటి, చీకటి మేఘం ఉంది. దాని ముందు వైపు ముఖాన్ని థీటా-1 సి తొలిచేసి గిన్నెలా గుంట చేసింది. ఆ గిన్నె లోపలి గోడ మీద ఉన్న పలచటి పొరే ఎక్కువగా వెలిగేది. ఆ గిన్నె మూతి మన వైపు తెరుచుకుని ఉంది కాబట్టి లోపలికి చూడగలుగుతున్నాం. 1995లో వెన్, ఓడెల్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు ఈ పొర ఎత్తుపల్లాల మోడల్ ప్రచురించారు. 2000లో న్యూయార్క్ హేడెన్ ప్లానిటోరియం షో కోసం శాన్ డియేగో సూపర్‌కంప్యూటర్ సెంటర్ చేసిన ఓరియన్‌కి పునాది కూడా ఆ పరిశోధనే.

మేము ఆ పొరని చేత్తో గీయలేదు. చల్లటి మేఘాన్ని నాయిస్‌తో తయారు చేసి, నక్షత్రాన్ని దాని ముందు పెట్టి, ఫోటాన్ల (వెలుగు కణాల) పద్దు రాశాం. నక్షత్రం నుంచి అన్ని దిక్కులకీ కిరణాలు పంపుతాం. ఒక్కో కిరణం చేతిలో ఇన్ని ఫోటాన్లు అని మొదట ఇస్తాం. అడుగు ముందుకు వేసినప్పుడల్లా సాంద్రత వర్గాన్నీ, నక్షత్రం నుంచి దూరం వర్గాన్నీ, అడుగు పొడవునీ గుణించి ఆ పద్దులోంచి తీసేస్తాం. పద్దు సున్నా అయిన చోట వెలుగు ఆగిపోతుంది, అవతల చీకటి గ్యాస్. ఇది 1939లో ఖగోళ శాస్త్రవేత్త స్ట్రోమ్‌గ్రెన్ చెప్పిన సూత్రమే, దిక్కుకొకటి చొప్పున వేసుకున్నాం. ఈ లెక్క ఆట నడిచేటప్పుడు అక్కర్లేదు. ముందే చేసి 256×256×256 టెక్స్చర్‌లో పెట్టుకుంటాం. సాంద్రత, వెలుగు, ధూళి, ఆక్సిజన్ వాటా అని నాలుగు చానెళ్లు, మొత్తం 64 ఎంబీ.

ఈ పద్దు ఇచ్చిన బహుమానం స్తంభాలు. గట్టి ముద్ద ఒకటి కిరణానికి అడ్డొస్తే దాని వెనక పద్దు ముందే ఖాళీ అయిపోయి పొడుగాటి నీడ మిగులుతుంది. ఆ ముద్దలన్నీ వేళ్లలా నక్షత్రం వైపే చూస్తుంటాయి. ఆర్టిస్ట్ ఎవరూ పెట్టకుండానే, ఈగల్ నెబ్యులాలో హబుల్ టెలిస్కోప్ 1995లో తీసిన స్తంభాల ఫొటోని తలపించే ఆకారాలు వాటంతటవే మొలిచాయి. నక్షత్రాన్ని ఎడిటర్‌లో పక్కకి జరిపితే వేళ్లన్నీ దాని వైపు తిరుగుతాయి. ఆ సాయంత్రం టీమ్ మొత్తం ఒకే మానిటర్ చుట్టూ చేరింది.

ధూళిని విడిగా చూసుకున్నాం. ధూళి వెలుగుని మింగుతుంది, నీలాన్ని ఎక్కువ, ఎరుపుని తక్కువ. అందుకే ధూళి వెనక ఉన్నదల్లా ఎర్రబారుతుంది. నక్షత్రాల వెలుగు ధూళి మీద చెదిరే భాగానికి వాడింది, వెలుగు ఏ దిక్కుకి ఎంత చెదురుతుందో చెప్పే హెన్యీ-గ్రీన్‌స్టీన్ ఫంక్షన్. ఇప్పుడు దాదాపు ప్రతి గేమ్ మేఘం షేడర్‌లోనూ అది ఉంటుంది. కానీ ఆ ఇద్దరూ 1941లో దాన్ని రాసింది మేఘాల కోసం కాదు, సరిగ్గా ఈ నక్షత్రాంతర ధూళి కోసమే. ఆ సూత్రం మా చేతుల్లో తన సొంత ఊరికి తిరిగొచ్చింది.

రంగు, వెలుగు

టెలిస్కోప్ ఫొటోల రంగులు చాలా వరకు ఎంపికలే. ఈగల్ స్తంభాల ప్రసిద్ధ ఫొటోలో సల్ఫర్‌కి ఎరుపు, హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, ఆక్సిజన్‌కి నీలం కేటాయించారు. మేము మామూలు కలర్ కెమెరా చూసే రంగుకి కట్టుబడ్డాం. హైడ్రోజన్ ప్రధానంగా 656.3 నానోమీటర్ల ఎరుపు, కొంచెం 486.1 నీలం ఇస్తుంది. ఈ రెండూ కలిస్తే గులాబీ. రెండుసార్లు అయనీకరణ చెందిన ఆక్సిజన్ 500.7 దగ్గర ఆకుపచ్చ ఇస్తుంది. నక్షత్రానికి దగ్గరగా ఆక్సిజన్ వాటా పెంచాం, అంచుల వైపు తగ్గించాం. దాంతో నడిమధ్య తెల్లటి పచ్చదనం, అంచుల్లో గులాబీ, దాని పక్కన ధూళి గోధుమ రంగు వచ్చాయి. నాకు ఊదారంగు నెబ్యులాలంటే అయిష్టమేమీ లేదు. కానీ రంగుకి కారణం ఉంటే చూసేవాళ్లకి తెలియకుండానే నమ్మకం కుదురుతుంది.

వెలుగు దగ్గర పెద్ద చర్చే జరిగింది. పరుచుకుని ఉన్న వస్తువు దగ్గరికి వెళ్తే పెద్దదవుతుంది, అంతే. పిక్సెల్‌కి వచ్చే వెలుగు పెరగదు. భూమి నుంచి మసకగా కనిపించే ఓరియన్ దాని పక్కకి వెళ్లినా కంటికి అంతే మసకగా ఉంటుంది. లోపలికి వెళ్తే ఇంకా కష్టం. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద నుంచి చూస్తే మేఘం పాల సముద్రంలా కనిపిస్తుంది, దిగి అందులోకి నడిస్తే చుట్టూ తెలుపు తప్ప ఆకారమే ఉండదు. నెబ్యులాకి ఆ తెలుపు కూడా దక్కదు. అక్కడి గ్యాస్ ఘన సెంటీమీటరుకి వందల నుంచి వేల కణాలు మాత్రమే. మనం పీల్చే గాలిలో అదే ఘన సెంటీమీటరుకి 10 టు ది పవర్ 19 స్థాయిలో అణువులుంటాయి.

దగ్గరకొచ్చే కొద్దీ నెబ్యులా వెలుగుని పెంచేయడం సులువైన మార్గం. మేము ఆ పని చేయకుండా కెమెరాని మార్చాం. సూర్యుడి పక్కన ఉన్నప్పుడు ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) తక్కువ, ఆకాశం నల్లగా ఉంటుంది. నక్షత్రాల మధ్య ఖాళీలోకి వచ్చాక ఎక్స్‌పోజర్ మెల్లగా పెరుగుతుంది, కంటికి చీకటి అలవాటైనట్టు. కాక్‌పిట్ లైట్లు ఆర్పే బటన్ ఒకటి ఇచ్చాం. ఆర్పితే ఎక్స్‌పోజర్ ఇంకొంత పెరిగి, నెబ్యులా చీకట్లోంచి పైకి తేలుతుంది. టెస్టింగ్‌లో ఆ బటన్ గురించి ఒకరికొకరు చెప్పుకోవడం విన్నాను. వెలుగు వాళ్ల చేతిలో ఉండటం నచ్చింది.

బొమ్మ ఎప్పుడు, లోతు ఎప్పుడు

అసలు ఇంజినీరింగ్ ఇక్కడ ఉంది. దూరంగా ఉన్న నెబ్యులాని ప్రతి ఫ్రేములో రే మార్చ్ చేయడం వృథా. ఒకసారి గీసి, ఆ బొమ్మని ఒక ఫ్లాట్ పలక మీద అంటించి, ఓడ కదులుతుంటే పలకని జరిపితే సరిపోతుంది. దీన్ని ఇంపోస్టర్ అంటాం. దాన్ని మళ్లీ ఎప్పుడు గీయాలి? కంటికి తేడా కనిపించే ముందు.

తేడా వచ్చేది పారలాక్స్ వల్ల. ఓడ పక్కకి జరిగితే నెబ్యులా ముందు భాగం వెనక భాగం కన్నా కాస్త ఎక్కువ జరిగినట్టు కనిపించాలి. ఫ్లాట్ బొమ్మలో అది జరగదు. ఆ తేడా ఎంతంటే: ఓడ జరిగిన దూరాన్ని నెబ్యులా మందంతో గుణించి, నెబ్యులా దూరం వర్గంతో భాగించాలి. అది ఒక పిక్సెల్ దాటనంత వరకు పాత బొమ్మ చెల్లుతుంది. మందం 24 అనుకుంటే:

సూర్యుడి దగ్గర, అంటే 1,344 కాంతి సంవత్సరాల దూరంలో, 78 కాంతి సంవత్సరాలు పక్కకి జరిగేదాకా పాత బొమ్మ చాలు. 300 దూరంలో 3.9. 100 దూరంలో 0.43. 48 దూరంలో, అంటే నెబ్యులా వెడల్పుకి రెండింతల దూరంలో, 0.1 మాత్రమే.

ఇప్పుడు వేగం తీసుకురండి. మా జంప్ వేగం సెకనుకి 5 కాంతి సంవత్సరాలు. కాంతి వేగానికి సుమారు 15.8 కోట్ల రెట్లు. ఆ వేగంతో ఓరియన్‌కి నాలుగున్నర నిమిషాల ప్రయాణం. 48 దగ్గర 0.1 కాంతి సంవత్సరం దాటడానికి పట్టేది 0.02 సెకన్లు, దాదాపు ఒక ఫ్రేము. అంటే అక్కడ ఇంపోస్టర్ వల్ల మిగిలేదేమీ లేదు, నేరుగా వాల్యూమ్ గీయడమే, అంటే లోతున్న వస్తువుగా రే మార్చ్ చేయడమే. అదే చోట ఓడ జంప్ ఆపి మామూలు వేగంలో ఉంటే? ఎలీట్ డేంజరస్‌లో వ్యవస్థ లోపల మామూలుగా తిరిగే గరిష్ఠ వేగం కాంతికి 2,001 రెట్లు. మా ఓడకీ ఇంచుమించు అంతే పెట్టాం. ఆ వేగంతో 0.1 కాంతి సంవత్సరానికి 26 నిమిషాలు పడుతుంది. అదే చోటు, అదే నెబ్యులా. ఒక వేగంలో ప్రతి ఫ్రేమూ మళ్లీ గీయాలి, ఇంకో వేగంలో 26 నిమిషాల పాటు గీసిందే చాలు.

దాంతో మా స్విచ్‌ని దూరం మీద కాకుండా సమయం మీద పెట్టాం. పాత బొమ్మ చెల్లే సమయం నాలుగు ఫ్రేముల కన్నా ఎక్కువైతే ఇంపోస్టర్, తక్కువైతే వాల్యూమ్. నేరుగా నెబ్యులా వైపే వెళ్తున్నప్పుడు పారలాక్స్ ఇంకా నెమ్మది కాబట్టి, దూరంలో ఉన్నంతసేపు సైజు నాలుగో వంతు పెరిగినప్పుడల్లా గీయడం సరిపోతుంది. 1,344 నుంచి 200 దాకా, దాదాపు నాలుగు నిమిషాల ప్రయాణంలో, తొమ్మిది సార్లు గీస్తే చాలు. పాత బొమ్మనీ కొత్త బొమ్మనీ అర సెకను పాటు కలిపి మార్చేస్తాం.

ఇందులో మాకు అన్నిటికన్నా కలిసొచ్చిన విషయం ఇంకోటి. ఖరీదైన వాల్యూమ్ కోడ్ నడిచేది ప్రయాణం చివర్లో ఆ కొన్ని సెకన్లే, అది కూడా జంప్‌లో ఉన్నప్పుడే. జంప్‌లో గ్రహాలుండవు, ఇతర ఓడలుండవు. వాటి మిల్లీసెకన్లన్నీ అప్పుడు నెబ్యులావే. 3 మిల్లీసెకన్ల బడ్జెట్ గురించి పడ్డ టెన్షన్ ఇక్కడితో తీరిపోయింది. వాల్యూమ్‌ని సగం రిజల్యూషన్‌లో, కిరణాల మొదటి అడుగుని బ్లూ నాయిస్‌తో (గుంపులు కట్టకుండా సమంగా చెదిరే నాయిస్) అటూ ఇటూ కదిపి, గత ఫ్రేముల్తో కలిపి గీస్తాం. అంత వేగంలో గరుకుదనం ఏ మాత్రమూ తెలియదు.

లోపల

జంప్ ఆగగానే ఓడ నెబ్యులా మధ్యలో ఉంటుంది, వేగం కాంతికి 2,000 రెట్లకి పడిపోతుంది. అప్పుడు చుట్టూ ఉన్నదంతా ఒక క్యూబ్‌మ్యాప్‌లోకి (ఓడ చుట్టూ పెట్టె ఆరు గోడల మీద బొమ్మ) గీసేస్తాం, ఫ్రేముకి కొంచెం చొప్పున. ముఖానికి 2048×2048 చొప్పున ఆరు ముఖాలు, అంటే రెండున్నర కోట్ల టెక్సెళ్లు (టెక్స్చర్‌లోని చుక్కలు). 16 బిట్ల ఫ్లోట్‌లో (దశాంశ అంకెల ఫార్మాట్) నాలుగు చానెళ్లు పెడితే 192 ఎంబీ. ఎరుపు, ఆకుపచ్చకి 11 బిట్లు, నీలానికి 10 ఇచ్చే ఫార్మాట్‌లో 96 ఎంబీ. రెండోది తీసుకున్నాం. నీలానికి ఒక బిట్ తక్కువ కాబట్టి, చీకటి నుంచి వెలుగులోకి మెల్లగా వెళ్లే చోట్ల పసుపు, నీలం చారలు తేలతాయి. రాసేటప్పుడే సన్నటి నాయిస్ కలిపితే చారలు చెదిరిపోతాయి. నెబ్యులా అంటేనే చీకట్లో మెల్లటి గ్రేడియంట్ కాబట్టి ఈ అడుగు మానేయడానికి వీల్లేదు.

నక్షత్రాల్ని క్యూబ్‌మ్యాప్‌లో కలపలేదు. కలిపితే ప్రతి చుక్కా నాలుగు టెక్సెళ్ల మరకవుతుంది. వాటిని విడిగా బిందువులుగా గీసి, ఆ దిక్కున ధూళి ఎంత మింగుతుందో ఇంకో చిన్న క్యూబ్‌మ్యాప్‌లోంచి చదివి, అంత మేరకు మసక చేస్తాం. ధూళి చారల దగ్గర చుక్కలు పలచబడి, ఎర్రబడి, ఆగిపోవడం చూస్తే లోతు అర్థమవుతుంది. వాల్యూమ్ షేడర్ ఎంత చేసినా ఇవ్వలేని లోతు ఈ చుక్కలు ఇస్తాయి.

ఇక్కడ డిజైన్ టీమ్ నుంచి ఊహించిన ఫిర్యాదే వచ్చింది. లోపల ఏదీ కదలట్లేదు. ఓడ పక్క నుంచి రంగు మేఘాలు దూసుకుపోవాలి కదా అన్నారు. లెక్క చూపించాను. కాంతి సంవత్సరం దూరంలో ఉన్న గోడ మీద మచ్చ, ఓడ 2,001 రెట్ల కాంతి వేగంతో అడ్డంగా వెళ్తుంటే, ఒక్క పిక్సెల్ జరగడానికి 16 సెకన్లు పడుతుంది. కాక్‌పిట్ పక్కన మేఘం దూసుకుపోతే ఆ మేఘం సైజు కొన్ని కిలోమీటర్లని కన్ను వెంటనే తేల్చేస్తుంది. 24 కాంతి సంవత్సరాల నెబ్యులా ఒక్క క్షణంలో ఊరంత అయిపోతుంది. అంత దూరం నుంచి వచ్చిన ప్లేయర్‌కి మనం చేసే అన్యాయం అది.

కానీ వాళ్ల ఫిర్యాదులో న్యాయం ఉంది. ఎగురుతున్నప్పుడు ఏదో ఒకటి కదలాలి. ఓడ వేగానికి సరిపడే సైజులో ఉన్న నిజమైన వస్తువు కావాలి. ఓరియన్‌లో అలాంటివి ఉన్నాయి. 1990ల మొదట్లో హబుల్ ఫొటోల్లో ఓడెల్ బృందం గుర్తించిన ప్రోప్లిడ్లు. అప్పుడే పుట్టిన నక్షత్రాల చుట్టూ గ్రహాలు తయారయ్యే పళ్లేలు అవి. థీటా-1 సి వేడికి వాటి గ్యాస్ ఆవిరైపోతూ, నక్షత్రం వైపు మెరిసే తల, అవతలి వైపు తోక ఉన్న కన్నీటి చుక్కల్లా కనిపిస్తాయి. ఇప్పటికి 150కి పైగా దొరికాయి. సైజు వందల ఏయూల్లో ఉంటుంది. ఒక ఏయూ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం, కాంతికి 499 సెకన్లు. మా ఓడకి పావు సెకను. 500 ఏయూల ప్రోప్లిడ్ పక్క నుంచి వెళ్లడానికి రెండు నిమిషాలు. తల పెరుగుతూ రావడం, లోపలి పళ్లెం నల్లగా తిరిగి కనిపించడం, తోక మెల్లగా వెనక్కి జారడం అన్నీ ఆ రెండు నిమిషాల్లో తీరిగ్గా చూడొచ్చు.

మా పెద్ద టెక్స్చర్‌లో ఒక్కో వాక్సెల్ (త్రీడీ గడి) 6,000 ఏయూలు, కాబట్టి ప్రోప్లిడ్లు అందులో ఇమడవు. ఒక్కోటి విడిగా చిన్న వాల్యూమ్. దానికీ అదే ఫోటాన్ల పద్దు, అదే ఇంపోస్టర్ నియమం. కోడ్ మార్చకుండా సైజు మాత్రం మార్చాం. ఈ గేమ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యాలు ఇవే.

జంప్, అంకెల ఇరుకు

జంప్‌లో తెరంతా గీతలు గీతలుగా నక్షత్రాలు వెనక్కి పోవడం అందరికీ అలవాటైన బొమ్మ. సూర్యుడి పరిసరాల్లో ఘన కాంతి సంవత్సరానికి సుమారు 0.004 నక్షత్రాలు. సెకనుకి 5 కాంతి సంవత్సరాల వేగంతో వెళ్లినా, ఓడకి ఒక కాంతి సంవత్సరం లోపు నుంచి నక్షత్రం దాటేది దాదాపు 16 సెకన్లకొకసారి. 10 కాంతి సంవత్సరాల లోపు చూస్తే సెకనుకి ఆరు. అందులో కూడా నాలుగింట మూడు ఎర్ర మరుగుజ్జులు అనే మసక చిన్న నక్షత్రాలు. అందుకని గీతలు తీసేశాం. ప్రకాశమైన నక్షత్రాలు మాత్రం తమ చోటు నుంచి నెమ్మదిగా విడివడి, పక్కకి జారి, వెనక్కి పోతాయి. ఎప్పుడో ఒకటి దగ్గరగా వస్తే కాక్‌పిట్ అంతా ఒక్క క్షణం దాని రంగులో మునుగుతుంది. అరుదుగా వస్తుంది కాబట్టే ఆ క్షణం పండింది.

కాంతి వేగానికి దగ్గరగా వెళ్తే నిజంగా ఏం కనిపిస్తుందో కూడా ప్రయత్నించి చూశాం. 0.9 వంతు వేగంలో సరిగ్గా పక్కన ఉండాల్సిన నక్షత్రం ముందు నుంచి 26 డిగ్రీల దగ్గర కనిపిస్తుంది, 0.99లో 8 డిగ్రీల దగ్గర. ఆకాశమంతా ముందుకి ముడుచుకుని నీలంగా మారుతుంది. 2012లో ఎంఐటీ గేమ్ ల్యాబ్ కాంతి వేగాన్నే తగ్గించి ఇదే అనుభవంతో చిన్న గేమ్ చేసింది. అద్భుతమైన దృశ్యం, కానీ మా కథకి కుదరదు. ఆ వేగంలో ఓరియన్‌కి భూమి గడియారం ప్రకారం వెయ్యేళ్ల పైమాటే, పైగా మేము చూపించాలనుకున్న నెబ్యులా నలిగి చుక్క అయిపోతుంది.

అంకెల సంగతి క్లుప్తంగా. 32 బిట్ల ఫ్లోట్‌లో మీటర్లలో రాస్తే, ఒక ఏయూ దూరంలో రెండు పక్క పక్క అంకెల మధ్య తేడా 16 కిలోమీటర్లు. 64 బిట్లలో కూడా కాంతి సంవత్సరం దగ్గర 2 మీటర్లు, ఓరియన్ దగ్గర 2 కిలోమీటర్లు. ఓడ వణుకుతుంది. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ గేమ్ ఆడినవాళ్లకి, ఓడల్ని వణికించి ముక్కలు చేసే క్రాకెన్ అనే బగ్ పేరు గుర్తుండే ఉంటుంది, దాని మూలం ఇదే. ఆకాశాన్ని పూర్ణాంకాలతో నంబరు వేసిన గదులుగా విడగొట్టి, ఓడనెప్పుడూ సున్నా దగ్గరే ఉంచి, లోకాన్ని దాని చుట్టూ జరిపాం. ఇది మొదటి రోజే పెట్టుకోవాల్సిన పునాది. తర్వాత అతికించడం చాలా కష్టం.

ఇప్పుడు క్రాబ్ నెబ్యులా మీద పని మొదలైంది. 6,500 కాంతి సంవత్సరాల దూరం, అడ్డంగా సుమారు 11. బయటి దారాల్లాంటి గ్యాస్‌కి సాంద్రత వర్గం పద్ధతి పనికొస్తోంది. లోపలి నీలం వెలుగుకి పనికిరాదు. అది అయస్కాంత క్షేత్రంలో చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లది కాబట్టి దానికి వేరే షేడర్ రాస్తున్నాం. మధ్యలో ఉన్న పల్సార్ (పేలిపోయిన నక్షత్రం మిగిల్చిన, వేగంగా తిరిగే గుండ్రటి శేషం) సెకనుకి దాదాపు 30 సార్లు తిరుగుతుంది, ఒక్కో చుట్టుకి రెండు మెరుపులు. మన 60 ఫ్రేములకి మరీ దగ్గరి అంకె. ఉన్నదున్నట్టు గీస్తే ఫ్రేములతో తాళం తప్పుతూ, లేని నెమ్మది మినుకు ఒకటి పుడుతుంది. కంటికి అది స్థిరమైన చుక్కే కాబట్టి స్థిరంగానే గీస్తున్నాం. మెరుపుల్ని మాత్రం కాక్‌పిట్ రేడియోలో శబ్దంగా వినిపించాలని సౌండ్ టీమ్‌ని అడిగాం.